ఎన్నిసార్లు గంప దించాలి

ఆమె అంటే నాకు కుళ్ళు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. మా నాన్న బొగ్గు గనిలో పంపు ఆపరేటర్. ఇంటర్ అయిపోగానే నాకు ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. ఆమెది చర్ల అవతల అడవిలో ఊరు. కాలేజీ ల్యాబులో కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా గోడకానుకుని నిలబడేది. అయినా మార్కులు ఆమెకే.

ప్రోగ్రామ్ ప్రతి అడుగూ మెరుగైన వైపే వేస్తూ జవాబు వెతకడాన్ని హిల్ క్లైంబింగ్ అంటారు. ఆ పాఠం రోజు, అందులో లోపమేంటని సార్ అడిగితే ఆమె లేచి, "పొగమంచుల గుట్టెక్కినట్టే సార్. కాళ్ళ దగ్గరి ఎత్తు తప్ప ఏం కనపడది. చిన్న దిబ్బెక్కి, గదే గుట్ట కొస అనుకుంటం" అంది. సార్ మురిసిపోయాడు. అదే విషయం నేను పుస్తకంలో నాలుగుసార్లు చదివి వెళ్ళాను. కడుపు మండిపోయింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు వచ్చింది. దవాఖానా జీపు అడవి ఊళ్ళకు దగ్గరి దారిలో వెళ్ళేలా ప్రోగ్రామ్ రాయాలి. ఎవరిది బాగుంటే వాళ్ళు హైదరాబాద్ పోటీకి, అదీ ఒక్కరే. దారి వెతికేటప్పుడు ప్రతి మలుపులోనూ ఇంకెంత దూరం ఉందో ప్రోగ్రామ్ ఒక అంచనా వేసుకుంటుంది. హ్యూరిస్టిక్ అంటే అదే. ఆ అంచనా అసలు దూరాన్ని మించకూడదు. మించితే మంచి దారిని కూడా దూరమనుకుని వదిలేయవచ్చు. నేను మ్యాపు మీద స్కేలు పెట్టినట్టు సూటి దూరం తీసుకున్నాను. ఆమె వాళ్ళమ్మకు ఫోన్ చేసి కోయ భాషలో ఊరూరికీ దూరం అడిగింది. ఇప్పపువ్వు గంప ఎత్తుకుని నడిచేవాళ్ళు దారిలో ఎన్నిసార్లు దించుతారో, వాళ్ళకు అదే దూరం. దించిన ప్రతిసారికీ ఆమె ఒక కిలోమీటరు వేసుకుంది.

రాసింది నాకు చూపించి, "ఏమన్న తప్పుందా, జర చూడు" అంది.

చూడగానే తెలిసింది. ఎక్కుడు దారిలో ఆ బరువుతో కిలోమీటరు నడవకముందే గంప దించుతారు. అంచనా అసలు దూరాన్ని దాటిపోతుంది. "మంచిగనే ఉంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఎంత హాయిగా ఉందో నాకు బాగా గుర్తు.

సార్ ముందు తెరమీద ఆమె ప్రోగ్రామ్‌లోని జీపు దగ్గరి దారి వదిలేసి చుట్టుదారిలో వెళ్ళింది. సార్ తప్పు పట్టుకుని, "ఎవరికీ చూపెట్టలేదా?" అని అడిగాడు. ఆమె నా వైపు ఒకసారి చూసింది.

"లేదు సార్" అంది.

హైదరాబాద్ నాకే వచ్చింది. ఆమెకు అంతా అర్థమైపోయిందని నాకు తెలుసు. అయినా గదిలో ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అనకపోయేసరికి ఆమె మీద ఇంకా ఒళ్ళు మండింది.

ప్రయాణానికి ముందురోజు నేను పెట్టె సర్దుకుంటుంటే నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నా దారులన్నీ చూసింది. నేను చూడమనలేదు.

"గీడ వాగు మీద బ్రిడ్జి లేదు. మ్యాపుల ఉంది గని కట్టలే. వానకాలం నీ జీపు గాడనే ఆగుతది" అంది.

"నాకెందుకు చెప్తున్నవ్?" అన్నాను.

"ఆ వాగు అవతలనే మా అమ్మ ఉంటది."

ఆ దారి తీసేశాను. పోటీలో ఒక జడ్జి సరిగ్గా అక్కడే వేలు పెట్టి, మ్యాపులో ఉన్న దారిని ఎందుకు తీసేశావని అడిగాడు. అక్కడ వంతెన లేదన్నాను. నీకెలా తెలుసన్నాడు.

నేనే వెళ్ళి చూసి వచ్చానని చెప్పాను.