ఎదురుతన్నే కీబోర్డు

అడక్కుండా ఉపకారం చేసేవాళ్ళని చూస్తే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ చేసినవాడు సొంత తమ్ముడే అయితే ఇక చెప్పేదేముంది?

ఆవిడ ఆసుపత్రిలో టైపిస్టు. డాక్టర్లు ఎక్స్‌రేలు చూసి రికార్డు చేసిన మాటల్ని హెడ్‌ఫోన్లలో వింటూ రిపోర్టులు కొట్టాలి. ఆమధ్య జబ్బుచేసి లేచాక వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. గుండుసూది గుచ్చినా తెలియదు. మెటికలు మాత్రం చెక్కుచెదరలేదు. కీ దిగేటప్పుడు మధ్యలో గట్టిగా ఎదురుతంతే మెటికకి తెలుస్తుంది. అక్షరం పడిందని వేలు లేపుతుంది.

ఈ కిటుకు కనిపెట్టి ఆవిడకి కీబోర్డు కట్టింది ఆ తమ్ముడే. ఉన్నమాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. వాడికి అదే పిచ్చి. ముందుగది నిండా స్విచ్చిలు, స్ప్రింగులు, సోల్డరు పొగ. ప్రతి కీ కింద ఒక స్విచ్చి, అందులో ఒక కాడ, ఆ కాడకి రెండు బుల్లి కాళ్ళు, కాళ్ళకి గూని. ఆ గూనే తన్నేది. గట్టిగా తన్నేవి ఏరి, అక్క మణికట్టుకి సరిపోయేలా వాలు తీసి మరీ చేశాడు. ఆవిడ దాన్ని రోజూ సంచిలో పెట్టుకుని పనికి పట్టుకెళ్ళి, తిరిగి తెచ్చుకునేది.

వాడిలాంటి వాళ్ళంతా సెలవురోజు ఒకచోట చేరి, ఒకరి కీబోర్డు ఒకరు నొక్కి, కళ్ళు మూసుకుని చప్పుడు వింటారు. తిన్నది అరగని సంబడం! అక్కడికి చెప్పాపెట్టకుండా అక్క కీబోర్డు పట్టుకెళ్ళాడు. "కట్టుబడి బాగుంది గానీ గరగరలాడుతోంది" అని ఎవడో పెదవి విరిచాడట. మనవాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంటికొచ్చి, ఇలాంటి స్విచ్చిల కాళ్ళకి గ్రీజు తగిలితే తన్ను చచ్చిపోతుందని తెలిసి తెలిసీ, కుంచెతో గూనిదాకా పూసేశాడు. మళ్ళీ బిగించి, ఏమీ ఎరగనట్టు సంచిలో పెట్టాడు.

మర్నాడు ఆవిడ కొట్టిన రిపోర్టుల్లో ఒక అక్షరం రెండుసార్లు పడింది, ఇంకొకటి అసలు పడనేలేదు. సూపర్వైజరు కాగితాలు బల్లమీద పడేశాడు.

"ఏంటమ్మా ఇది? రోగుల ప్రాణాలతో చెలగాటమా? చేతకాకపోతే చెప్పండి, ఫైళ్ళ గదికి మార్పిస్తా."

"రేపు అన్నీ మళ్ళీ కొట్టి ఇస్తాను సార్."

"రేపూ ఇలాగే ఉంటే ఇక నేనేం చేయలేను."

ఆవిడ బాత్రూంలోకెళ్ళి మెటికలు ఒక్కొక్కటే కొరికి చూసుకుంది. నొప్పి తెలిసింది. అయినా నమ్మకం చిక్కలేదు. జబ్బు పైకి పాకిందనే అనుకుంది.

ఇంటికొస్తే గుమ్మంలోనే తమ్ముడు, మొహం చాటంత చేసుకుని.

"ఎలా ఉందక్కా? వెన్నపూసలో వేలు పెట్టినట్టు లేదూ?"

"ఏం చేశావురా?"

"గ్రీజు పూశా. చప్పుడు విన్నావా, ఎంత కమ్మగా..."

"కమ్మగానా! వినడానికి నా చెవులేమైనా ఖాళీగా ఉన్నాయట్రా? నా చేతులు పోయాయనుకున్నా. పొద్దుట్నుంచీ నా చేతుల కోసం నేనే ఏడ్చుకున్నా!"

వాడు ఒకడుగు వెనక్కేశాడు. "నీకు చెప్దామనే..."

"ఎప్పుడు? ఫైళ్ళ గదిలో దుమ్ము దులుపుకుంటుంటే వచ్చి చెప్తావా? ఎవడి చెవుల కోసమో నా వేళ్ళు కోశావు. విప్పు."

"ఇంకా మంచిది చేసిస్తానక్కా..."

"నీ మంచి చాలు నాయనా. విప్పు!"

సోల్డరు కరిగించి అన్నీ ఊడదీశాడు. కాడల్ని స్పిరిట్‌లో కడిగి, తుడిచి, ఆరబెట్టి స్విచ్చిల్లో పెట్టాడు. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని ఒక్కోదాన్నీ నొక్కి చూసింది. తన్నినదాన్ని ఒళ్ళో వేసుకుంది, తన్ననిదాన్ని వాడి మీదికి విసిరింది. కొన్ని ఎంత కడిగినా మొండికేశాయి.

"ఇవి బజార్లో దొరకట్లేదక్కా. నా దాంట్లో ఉన్నాయనుకో..." అని నాలిక్కరుచుకున్నాడు. తన సొంత కీబోర్డు మీద ఒక్క గీత పడినా వాడు అన్నం మానేస్తాడు.

"మరి గుడ్లప్పగించి చూస్తావేం? దాన్నీ విప్పు."

"అక్కా, అది..."

"ఊఁ?"

కిక్కురుమనకుండా విప్పాడు.

మర్నాడు సూపర్వైజరు కాగితాలు తిరగేసి తిరగేసి చూశాడు. వేలెత్తి చూపడానికి ఒక్క తప్పూ దొరకలేదు.

"ఫైళ్ళ గదికి ఎప్పుడు మారమంటారు సార్?" అంది ఆవిడ.

ఆయన దగ్గి, వేరే బల్ల వైపు నడిచాడు.

ఆ సాయంత్రం ఆవిడ కీబోర్డుని ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇంటి దగ్గర తమ్ముడు ఖాళీ సంచి చూసి బిక్కమొహం వేశాడు.

"కీబోర్డేదక్కా?"

"నాది నా దగ్గరుంది. నీకెందుకు?" అని చెప్పులు విడిచి లోపలికెళ్ళిపోయింది.