గోదావరి వైపు కిటికీ సీటు

రాజమండ్రి నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో గోదావరిని పైనుంచి చూడాలని నా కోరిక. కిటికీ సీటుకు అదనంగా కట్టడం ఇష్టంలేక మధ్య సీటు తీసుకుని, విమానం కదలకముందే కిటికీ పక్కనున్నాయనతో బేరం మొదలుపెట్టాను. బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. కావలసిన సరుకును ముందు తీసిపారేయడం అలవాటు.

“కింద ఏముందండీ, బురద నీళ్లు. ఈ సీటు నాకిచ్చెయ్యండి.”

“నిన్ననే మా నాన్నగారి అస్థికలు అందులో కలిపానండి,” అన్నాడాయన.

అక్కడే నోరు మూసుకోవాల్సింది. “అయితే చూసేశారుగా,” అన్నాను.

ఆయన పిడికిలి నా ముక్కు మీద పడింది. నేను ఆయన చొక్కా పట్టి లాగాను. ఆయన మళ్లీ రెండు గుద్దాడు. నెత్తురు కారుతుండగానే ఇద్దరినీ దింపేశారు.

విమానం మమ్మల్ని వదిలి లేచాక, చిరిగిన జేబు సర్దుకుంటూ ఆయన అన్నాడు: “ఇప్పుడెళ్లి కూర్చోండి, ఖాళీగానే ఉంది.”