ఖుబా దారిలో పచ్చ తువ్వాలు

పది మందిని వెంటబెట్టుకుని బయలుదేరి, నలభై మందితో గమ్యం చేరిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే సూర్యాపేటలో మా పరుపుల కొట్టుకు రండి, గల్లా దగ్గర నేనే కూర్చుని ఉంటాను. చిక్కేమిటంటే, ఆ నలభై మందిలో నేను తీసుకెళ్ళిన పది మందిలో ఒక్కరూ లేరు. కన్నతల్లి కూడా లేదు. పోనీ ఇది ఏ సంతలోనో జరిగిందా అంటే, కాదు, పవిత్రమైన మదీనా నగరంలో. చెప్తాను వినండి. నవ్వొస్తే ఆపుకోనక్కర్లేదు, మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఎవరూ ఆపుకోవడం లేదు.

నా పేరు నాగుల్ మీరా. మాది మునగాల దగ్గర పల్లె. తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నమాజు చదివేది అరబ్బీలో, తిట్టుకునేది మళ్ళీ తెలుగులోనే. మా ఊరి దర్గా ఉర్సులో గంధం ఊరేగింపుకు ముందు పచ్చజెండా పట్టుకుని నడిచే హక్కు మా ఇంటిది. తాత పట్టాడు, నాన్న పట్టాడు, పద్దెనిమిదో ఏట నుంచి నేను పడుతున్నాను. ఆ జెండాకు ఒకటే నియమం. పట్టినవాడు దర్గా గుమ్మం చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. డప్పులు ఆగినా, ఎవరు పిలిచినా, టపాకాయ పేలి చొక్కా అంటుకున్నా చూపు ముందుకే. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే నడిచాను. చుట్టుపక్కల ఊళ్ళలో నా మెడకు మంచి పేరుంది.

ఆ మెడ వేసుకుని నాలుగేళ్ళ కిందట అమ్మను ఉమ్రాకు, అంటే ఏడాదిలో ఎప్పుడైనా చేయగల మక్కా యాత్రకు, తీసుకెళ్ళాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళం కలిసి పదకొండు మందిమి, మాకు దారి చూపించడానికి ఒక మౌలానా సాబ్. ముందు మదీనాలో మూడు రోజులు, తర్వాత మక్కా. అమ్మకు మదీనాలో ఒకటే కోరిక, ఖుబా మసీదు. ప్రవక్త స్వయంగా పునాది వేసిన మసీదు అది. బసలో వజూ చేసుకుని, అంటే కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుని, అక్కడికి వెళ్ళి రెండు రకాతుల నమాజు చదివితే ఒక ఉమ్రా చేసినంత పుణ్యమని చెప్తారు. మా నాన్నకు వెళ్ళాలని ఎంతో ఉండేది. వెళ్ళలేకపోయాడు. పోయేముందు అమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వన్న పో. ఖుబాల నా పేరున దువా చెయ్యి" అన్నాడు.

మొదటి రోజు ప్రయాణం బడలికతో గడిచింది. రెండో రోజు అమ్మ మోకాళ్ళు వాచాయి. మూడో రోజు పొద్దున మౌలానా సాబ్ జ్వరంతో మంచం ఎక్కారు. మధ్యాహ్నం రెండింటికి మక్కా బస్సు. ఇక మిగిలింది ఆ పూటే.

"నాతోని కాదు నాగుల్ భాయ్. రెండు వ్యాన్లు కిరాయికి మాట్లాడ్త, కూసొని పోయి రాండ్రి" అన్నారాయన దుప్పట్లోంచి.

"వ్యాన్లు ఎందుకు మౌలానా సాబ్? మూడు కిలోమీటర్లేనాయె. నడిసేటోళ్ళ కోసమే సక్కటి బాట ఏసిండ్రు. నేను తీస్కపోత."

"నీకు దారి తెల్సా?"

"నా ఇల్లు నాకు తెల్వదా అన్నట్టున్నది మీరడిగేది!"

నిజం చెప్పాలంటే అంతకుముందు రెండు నెలలు కొట్లో అమ్ముడుపోని పరుపు మీద పడుకుని ఫోన్లో మదీనా వీడియోలు చూశాను. అంతే నా చదువు.

"మరి నా మోకాళ్ళురా?" అంది అమ్మ.

"నువ్వు మెల్లగనే నడువమ్మా. నేను ముంగట జెండ పట్టుకోని పోత. దాని ఎన్క రాండ్రి, ఖతం."

గొడుగు కొసకు చిలకపచ్చ తువ్వాలు కట్టాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? అందరి ఫోన్లూ, హోటల్ కార్డులూ, అమ్మ మోకాళ్ళ మాత్రలూ నా సంచిలో వేయించుకున్నాను.

"మనిషికొకటి ఉంచుకుంటే మంచిదేమో తమ్ముడూ? దారి తప్పితే ఎట్లా?" అంది కోదాడ మస్తాన్‌బీ అక్క.

"నేనుండంగ తప్పిపోవుడేందక్కా! గుంపుల యాడన్న పడిపోతయి. నా దగ్గరైతే భద్రం."

బయలుదేరాం. గొడుగు ఎత్తాను. ఆ క్షణాన నా ఒంట్లోకి మా తాత, మా నాన్న, ఊరి ఉర్సు అన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. మెడ బిగిసింది. చూపు ముందుకు నిలిచింది. నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి అమ్మ కేక.

"ఒరేయ్ నాగులూ, ఆగురా!"

వినపడిందా అని అడగకండి. వినపడింది. మూడుసార్లు వినపడింది. కాని జెండా పట్టినవాడు తిరుగుతాడా? గొడుగు ఇంకాస్త పైకెత్తి, "రాండ్రి, రాండ్రి, జెండ ఎన్కనే రాండ్రి!" అని ముందుకు చూస్తూనే అరిచాను. నా పట్టుదలకు నాకే ముచ్చటేసింది.

బాటంతా జనం. నేను మాత్రం ఊరికే నడవడం లేదు. వీడియోల్లో చూసిందంతా తెలుగులో గట్టిగా వినిపిస్తున్నాను. ఎడమపక్క ఖర్జూరం దుకాణాలు, కుడిపక్క చాయ్ కొట్లు, దూరంగా కొండలు. మధ్యమధ్య చెయ్యెత్తి దువా చేస్తున్నాను. వెనక నుంచి "ఆమీన్!" అని ఒక్క గొంతుతో వస్తోంది. మొదట్లో కొంచెం పలచగా ఉన్న ఆమీన్, సగం దారి దాటేసరికి బాట దద్దరిల్లేట్టు వచ్చింది. మిర్యాలగూడ సైదులు మామకు డెబ్బై దాటాయి, మాట బయటికి రావడమే కష్టం. మదీనా గాలికి మామ గొంతు బాగుపడిందని సంతోషించాను. అందరూ ఇంత చురుగ్గా నడుస్తున్నారంటే అదంతా నా నాయకత్వమే అనుకున్నాను.

ఖుబా తెల్లటి గుమ్మటాలు కనిపించాయి. గుమ్మం ముందుకు వెళ్ళి, గొడుగు నేలకు ఆనించి, విజయగర్వంతో వెనక్కి తిరిగాను.

"అమ్మా, ఇదే ఖు..."

నా ఎదుట నలభై మంది ముసలివాళ్ళు. అందరి మెడల్లోనూ ఒకే రంగు కండువాలు. పొట్టిగా, పచ్చగా, నవ్వుముఖాలతో ఉన్నారు. తర్వాత తెలిసింది, ఇండోనేషియా వాళ్ళట.

"ఎవరు మీరు?" అన్నాను తెలుగులో.

"ఆమీన్" అన్నారు నలభై మందీ.

ఇంతలో రొప్పుకుంటూ ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. ఆయన చేతిలోనూ చిలకపచ్చ జెండా ఉంది. నన్ను చూశాడు, నా తువ్వాలు చూశాడు, తన వాళ్ళను చూశాడు. గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో అన్నాడు. దణ్ణమో, తిట్టో ఇప్పటికీ తెలియదు. నలభై మందీ నాతో చేతులు కలిపి, ఒక ముసలావిడ నా తల నిమిరి, అందరూ లోపలికి వెళ్ళిపోయారు.

అమ్మ ఫోనుకు కొట్టాను. నా సంచి మోగింది. మస్తాన్‌బీ అక్కకు కొట్టాను. మళ్ళీ సంచే. సైదులు మామకు కొడితే సంచిలో ఆయన మనవరాలి గొంతుతో "తాతా, ఫోనెత్తు" అని వచ్చింది. ఊరు కాని ఊరు, భాష రాని జనం, వాచిన మోకాళ్ళతో అమ్మ ఎక్కడ కూలబడిందో తెలియదు, మాత్రలు నా దగ్గర. నాన్న అడిగిన ఒకే ఒక్క కోరిక నా మెడ బిరుసు వల్ల తీరకుండా పోతోంది. నాకు నవ్వు రాలేదండీ, ఏడుపొచ్చింది.

వచ్చిన దారినే వెనక్కి పరుగు తీశాను. ప్రతి చాయ్ కొట్లో, ప్రతి బెంచీ దగ్గర, ప్రతి చెట్టు నీడలో వెతికాను. ఎక్కడా లేరు. చివరికి ఒకటిన్నరకు హోటల్ మెట్ల దగ్గర చతికిలబడ్డాను. బస్సు అప్పటికే వచ్చి ఉంది. దుప్పటి కప్పుకుని మౌలానా సాబ్ దిగి వచ్చారు.

"పది మంది ఏరి?"

"నా ఎన్కనే... ఉండె."

"ఉండెనా?"

ఆయన జ్వరం ఇంకో రెండు డిగ్రీలు పెరిగినట్టు కనిపించింది. సరిగ్గా అప్పుడు రెండు బుల్లి కరెంటు బండ్లు వచ్చి ఆగాయి. ముందు బండిలో డ్రైవరు పక్క సీట్లో మా అమ్మ, ఒళ్ళో ఖర్జూరం పెట్టె. వెనక సైదులు మామ, మస్తాన్‌బీ అక్క, మిగతా అందరూ పెళ్ళి నుంచి వస్తున్నవాళ్ళ లెక్క కబుర్లు చెప్పుకుంటున్నారు.

"అమ్మా!" అని వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. "యాడికి పోయిండ్రే?"

"యాడికి పోతం? ఖుబాకే పోయినం! సైదులు సెప్పు తెగింది, ఆగురా అని మూడుసార్లు కేకేస్తి. కన్నకొడుకు ఇనలే. బాట ఊడ్సేటాయన ఇన్నడు. సీపురు గాడనే పెట్టి ఉరికొచ్చి, ‘ఏ ఊరమ్మా మీది?’ అన్నడు. మన మిర్యాలగూడ దిక్కు హాలియా అంట! తెలుగు మాట ఇనక ఎన్ని దినాలైందోనని కండ్లల్ల నీళ్ళు దీసుకున్నడు. తీగతోని సెప్పు కట్టిండు, బండ్లు మాట్లాడి ఎక్కిచ్చిండు. పది నిమిషాలల్ల ఖుబాల ఉన్నం."

అంటే నేను గుమ్మం బయట సంచికి ఫోన్లు కొట్టుకుంటున్నప్పుడు మావాళ్ళు లోపల హాయిగా నమాజు చదువుకుంటున్నారన్నమాట!

"మీ నాయిన పేరున దువా చేసిన" అంది అమ్మ. ముఖం వెలిగిపోతోంది. అంతలోనే నన్ను నిదానంగా చూసింది. "నువ్వు సదివినవా?"

"లేదమ్మా. మిమ్ముల ఎతుక్కుంట ఉరికొచ్చిన."

సైదులు మామ కిసుక్కున నవ్వాడు. "అందరం సదివినం. దారి సూపెడ్త అన్నోడే సదవలే!" ఇక బస్సు డ్రైవరుతో సహా అందరూ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు.

"మౌలానా సాబ్, బస్సు ఖుబా కాడ జర ఆపాలె."

"టైం లేదమ్మా. డ్రైవరు ఒప్పుకోడు."

"గుమ్మం దాంక పోయి నా కొడుకు ఉత్తగ మల్లొచ్చిండంటే, రేపు పైన వీళ్ళ నాయిన ముంగట నేనేం మొకం పెట్టుకోవాలె? ఆపుతనంటేనే ఎక్కుత."

హోటల్ మెట్ల మీద కూర్చుంది. పక్కన మస్తాన్‌బీ అక్క కూర్చుంది. "మేమూ ఎక్కమండీ!" అంది. వరసగా అందరూ కూర్చున్నారు. డ్రైవరు గడియారం చూశాడు, ఆ ముసలి సైన్యాన్ని చూశాడు, పావుగంట అని సైగ చేశాడు.

ఖుబా దగ్గర బస్సు దిగగానే అమ్మ నా చేతిలోంచి గొడుగు లాక్కుంది.

"నేను ముంగట. నువ్వు అందరికన్న ఎన్క. నా తలకాయనే సూసుకుంట రా."

మోకాళ్ళ నొప్పి ఏమయిందో గాని, గొడుగెత్తి ఆ నడక చూడాల్సింది! పదేసి అడుగులకోసారి తిరిగి, "ఉన్నవా?" అంటోంది. "ఉన్ననే అమ్మా" అంటున్నాను. లోపల రెండు రకాతులు చదివి నాన్న కోసం చేతులెత్తాను. కళ్ళు తుడుచుకుని బయటికి వస్తే గుమ్మం దగ్గర పది మందీ నిలబడి ఉన్నారు, ఒక్కరూ తప్పిపోలేదు. నా జీవితంలో అంత గొప్ప విజయం మళ్ళీ చూడలేదు, అది నాది కాకపోయినా.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట యాత్రలో ఏ గుంపుకూ ముందు నడవను. ఎవరి ఫోనూ నా సంచిలో వేసుకోను. నా దువాకు ఆమీన్ మరీ గట్టిగా వస్తే అనుమానిస్తాను. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మ పిలిస్తే మొదటి కేకకే ఆగుతాను.

లోపలి నుంచి ఇప్పుడే ఒక కేక వినిపించింది. రెండోది పడకముందే లేవాలి, ఉంటాను.