మా తోడల్లుడికీ నాకూ మధ్య రేకులు

పందులొస్తున్నాయని చెప్పి వేయించాను ఆ కంచె. వచ్చిన మాట నిజమే, కాదనను. కానీ పందుల కోసం ఎవడైనా మనిషెత్తు దాటిన రేకులు కట్టిస్తాడా? మా తోడల్లుడి మొహం కనపడకూడదని కట్టించాను.

మా ఆవిడదీ, ఆవిడ చెల్లెలిదీ పక్కపక్క ఇళ్లు. విశాఖ శివార్లలో, ఉత్తరం వైపు మాది, దక్షిణం వైపు వాళ్లది. మధ్యలో మోకాలెత్తు తీగ తప్ప అడ్డేమీ ఉండేది కాదు. మామగారిది పద్మనాభం దగ్గర పల్లెలో వ్యవసాయం. కోతలూ నూర్పులూ అయ్యాక, చలి ముదిరే వేళకి కందికాయల మూటతో దిగి, కొన్నాళ్లు ఉండి వెళతారు. పెద్దల్లుణ్ని కదా, బస మా ఇంట్లోనే. పొద్దున్నే మా ఇంటి పక్క ఖాళీ జాగాలో ఎండకి కూర్చుంటారు.

నాకు ఊహ తెలియకముందే మా నాన్న పోయారు. ఆ పెద్దాయన పక్కన కూర్చుని టీ తాగే పొద్దు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ని. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఏం లాభం? గ్లాసు సగం కాకుండానే అవతలి నుంచి "మావా!" అని కేక వినపడేది. మా తోడల్లుడు ఆయనకి సొంత మేనల్లుడు, ఆయన చేతుల్లో పెరిగినవాడు. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి, తీగ దాటి వచ్చి చతికిలబడేవాడు. "ఇనుము నీల్లలాగ పారతాది మావా, సూత్తే కల్లు తిరిగిపోతాయి" అని మొదలుపెట్టేవాడు. "ఓరి నీ దుంప తెగ!" అని మామగారు వాడి వీపు మీద చరిచేవారు. నాది పోర్టులో గుమాస్తా పని. ఫైళ్ల గురించి ఏం చెప్పను? నన్నేమో ఆయన "అల్లుడుగారూ, మీరు" అంటారు. వాణ్ని ఒరే అన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

అందుకే ఆ చలికాలం, మామగారు వచ్చిన కొత్తలోనే కంచరపాలెం నుంచి వెల్డింగు మనిషిని పిలిపించాను. గుంతలు తవ్వి, ఇనుప స్తంభాలు నిలబెట్టి కాంక్రీటు పోశాడు. అది గట్టిపడేదాకా ఆగి, ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేలోగా రేకులు బిగించేశాడు. మా తోడల్లుడు "మంచి పని సేత్తన్నావు అన్నయ్యా, పందుల్తో సచ్చిపోతన్నాం" అంటూ వచ్చి అవతలి నుంచి రేకులు పట్టుకున్నాడు కూడా. వాడి మంచితనం తగలెయ్య! రాత్రికి మాత్రం హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున మామగారు టీ గ్లాసుతో బయటికొచ్చి అలాగే నిలబడిపోయారు. చలికాలం ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుందన్న సంగతే నాకు తట్టలేదు. మా జాగా అంతా నీడ, నేలంతా మంచు తడి. రేకులకి అవతల మాత్రం నిండుగా ఎండ.

"పందులకి కట్టినారో, మా నాన్నకి కట్టినారో!" అంది మా ఆవిడ.

మామగారు కండువా భుజాల మీద కప్పుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి వాళ్ల వైపు వెళ్లిపోయారు. ఆ తర్వాత టీ కూడా అక్కడే తాగడం మొదలుపెట్టారు.

పోనీ ఊరుకుందామా అంటే నా ఏడుపు నన్ను ఊరుకోనిచ్చిందా! సముద్రపు గాలికి వెల్డింగు పెట్టిన చోటల్లా అప్పుడే తుప్పు మొదలైంది. అదే సాకు దొరికింది నాకు. రోజూ పొద్దున్నే గరుకు కాగితం పట్టుకుని ఆ నీడలో నిలబడి తుప్పు గీకేవాణ్ని. అవతల వాళ్లు పకపకా నవ్వుకుంటుంటే ఇవతల చెవులు రిక్కించి వినేవాణ్ని. ఒక్కసారైనా నా ఊసెత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు.

ఒకరోజు మామగారికే వినపడింది. "ఎవుల్ది ఆ గీకుడు? అల్లుడుగారేనా? ఆ సలిలో ఏటి సేత్తన్నారండీ! ఇలాగ ఎండలోకి రండి" అన్నారు.

నన్ను పిలిచారు! చేతులు శుభ్రంగా కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డారు. "ఒరే, లెగరా. అల్లుడుగారికి కుర్సీ ఇయ్యి" అని వాణ్ని కసిరారు. వాడు నవ్వుతూ లేచి, కింద ఆయన మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. వీపుకి ఎండ తగిలింది.

మామగారి ఒడిలో ఉడికించిన కందికాయలున్నాయి. పంట కబుర్లు చెబుతూ, ఒక్కో కాయా ఒలిచి, గింజలు వాడి అరచేతిలో పోస్తున్నారు. వాడి వైపు చూడను కూడా చూడటం లేదు. అది చూసి, ఏమనుకున్నానో ఏమో, నేనూ చెయ్యి చాపాను.

మామగారు కంగారుగా లోపలున్న చిన్నకూతురికి కేకేశారు. "అమ్మా, బేగి రా! పెద్దల్లుడుగారికి పల్లెం తే."