కింది నాలుగు పళ్లు

డాక్టర్ షైని క్లినిక్‌లో నాకిచ్చిన ఫారం రెండో పేజీలో ఒక పట్టిక ఉంది. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, జర్దా, గుట్కా. వీటిలో ఏ అలవాటు ఉందో రాయాలి. ఆ వరుస చూడగానే గుర్తుపట్టాను. అది నాదే. పదిహేడేళ్ల కిందట మా చర్చి సండేస్కూల్లో పొగాకు మీద పాఠం చెప్పి, సరిగ్గా అదే వరుసలో పిల్లల చేత కంఠస్థం చేయించాను. షైని అప్పుడు పదేళ్ల పిల్ల, ముందు బెంచీ. ఆరు పేర్లూ ఊపిరి తీసుకోకుండా చెప్పి పెన్సిళ్ల పెట్టె గెలుచుకుంది.

ఆరింటికీ ఎదురుగా 'లేదు' అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఏడోదైన గుడాఖు ఆ పట్టికలో లేదు. పాఠం తయారు చేసిన రోజున దాన్ని వదిలేసింది నేనే.

గుడాఖు అంటే పొగాకు పొడి, బెల్లపు పాకం కలిపిన నల్లని ముద్ద. చిన్న డబ్బాల్లో అమ్ముతారు. వేలి కొసతో శెనగగింజంత తీసి చిగుళ్ల మీద రుద్దుకుంటారు. తల కొంచెం తిరుగుతుంది. ఆ తిరగడం బాగుంటుంది. మా ఇళ్లల్లో దాన్ని పొగాకు అనరు, పళ్లు తోముకోవడం అంటారు. పదహారో ఏట నాకు పన్ను నొప్పి వస్తే మా అమ్మే నా చిగురు మీద పెట్టింది. నొప్పి ఒక్క రోజులో పోయింది. గుడాఖు మాత్రం ముప్పై ఎనిమిదేళ్లుగా ఉంది.

నా పేరు స్వర్ణకుమారి. రైల్వే వర్క్‌షాపులో ట్రిమ్మింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. బోగీల్లో బెర్తులకు రెక్సిన్ కుట్టే పని. మా ఆయన ఆర్థర్ సర్వీసులో ఉండగా పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. వారంలో ఆరు రోజులు కుడతాను, ఏడో రోజు నలభై మంది పిల్లలకు మంచి చెడ్డలు చెబుతాను. ఆ ఏడు రోజులూ పొద్దున్నే ఝపటాపూర్‌లో మా ఇంటి వెనక మెట్టు మీద, పక్కింటి దోర్కా వదినతో కలిసి కూర్చుని గుడాఖు రుద్దుకుంటాను. అది పడకపోతే నాకు మరుగుదొడ్డికి వెళ్లే పని కూడా కాదు. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది కానీ గుడాఖు వాడేవాళ్లలో సగంమంది దాన్ని మానలేకపోవడానికి కారణం ఇదే.

చిగుళ్ల నుంచి రక్తం అయిదేళ్లుగా వస్తోంది. దానికి వైద్యం నేనే చేసుకున్నాను. బ్రష్ వేసినప్పుడు రక్తం కనిపిస్తోంది కాబట్టి తప్పు బ్రష్‌దని తేల్చి దాన్ని మానేశాను. గుడాఖు వేలికి రక్తం కనిపించేది కాదు. నల్లటి ముద్దలో ఏ రంగు మాత్రం కనిపిస్తుంది? దాంతో జబ్బు తగ్గిందనుకున్నాను. కిందటి మాఘంలో ఒకరోజు బెర్తు కుడుతూ, కత్తెరకు చెయ్యి చాచడానికి బద్ధకించి నైలాను దారాన్ని పళ్లతో కొరికాను. దారం తెగలేదు. పన్ను కదిలింది.

మా ఊళ్లోనే సుభాష్‌పల్లిలో షైని కొత్తగా పళ్ల క్లినిక్ పెట్టిందని విని టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కి వెళ్లాను.

"టీచర్, మీరా! రండి, కూకోండి." నన్ను కుర్చీలో వాల్చి, దీపం నోటి మీదికి లాగి, లోపలికి చూసింది. "ఇన్నాళ్లూ ఏటి సేసినారు టీచర్?"

"మీకు పాఠాలు సెప్పినానమ్మా."

గీతలున్న సన్నని పుల్లను చిగురుకీ పంటికీ మధ్య దించుతూ అంకెలు చెప్పింది. సహాయకురాలు పూజ రాసుకుంది. కింది వరుస ముందు నాలుగు పళ్ల దగ్గర ఆరు, ఏడు, ఏడు, ఆరు.

"ఎన్నుండాలి?" అన్నాను. మార్కులనుకున్నాను.

"పుల్ల మూడు మిల్లీమీటర్ల లోతు దాటకూడదు."

చేతికి అద్దమిచ్చి చూపించింది. పంటి మీద రోజూ పేరుకునే పాచిని తీయకపోతే గట్టిపడి గార అవుతుందట. గార చిగురు కిందికి పాకుతుంది. చిగురు పంటిని వదిలేసి కిందికి జారుతుంది. లోపల ఎముక కూడా కరిగిపోతుంది. నా నాలుగు పళ్లకూ సగం ఎముకే మిగిలింది.

"పీకేస్తావేటి?"

"పీకించుకోడానికి నా దగ్గరికే రావాలేటి? అదెవరైనా పీకుతారు. ఉంచగలమేటో సూద్దాం. మూడు నెలల్లో చిగురు మళ్లీ పట్టు దొరికించుకుంటే నాలుగూ ఉంటాయి. లేకపోతే ముందు రెండు పోతాయి, ఆనక మిగతా రెండూ పోతాయి."

నవ్వినా మాట్లాడినా అందరికీ ముందు కనిపించేవి ఆ నాలుగే. అవి లేని నోటితో ఆదివారం పిల్లల ముందు నిలబడి పళ్లు జాగ్రత్త అని చెప్పడం ఊహించుకున్నాను.

ఆ రోజు పైనున్న గార తీసింది. అద్దంలో చూస్తే పళ్ల మధ్య కొత్తగా సందులు. నాలుక పెడితే పళ్లు అంతకు ముందుకన్నా ఎక్కువ ఊగుతున్నట్టున్నాయి. చల్లని నీళ్లు పోస్తే జివ్వుమంది. మర్నాడు మెట్టు మీద దోర్కా వదినకు నోరు తెరిచి చూపించాను.

"ఆ పిల్ల నీ పళ్ల మధ్య సిమెంటంతా పీకేసినాది వదినా! సిమెంటు పీకేస్తే ఇటుకలు ఊగవేటి?"

"గార మంచిది కాదట వదినా."

"మంచిదో కాదో, ముప్పై ఏళ్లు నిలబెట్టినాది కదా. ఇదిగో, కాస్త దట్టించు. సందులు నిండుతాయి."

దట్టించాను. జివ్వుమనడం తగ్గింది కూడా. చిగుళ్లను బాగా చూసుకోమని షైని చెప్పింది కాబట్టి రోజుకు రెండుసార్లున్నది మూడుసార్లు చేశాను. పదిమందికి పాఠం చెప్పే మనిషికి ఆ మాత్రం బుద్ధి ఎందుకు లేకపోయిందో ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం నేను చాలా క్రమశిక్షణ గల రోగిననుకున్నాను.

తర్వాత రెండు వారాలు వరసగా వెళ్లాను. మత్తు సూది ఇచ్చి, చిగురు కింద వేళ్ల దాకా గీకి శుభ్రం చేసింది. ఊగుతున్న నాలుగు పళ్లనూ వెనక నుంచి సన్నని తీగతో కలిపి కట్టింది. నలభై నిమిషాలు వంచిన మెడ ఎత్తలేదు. కుట్టుపని తెలిసినదాన్ని కాబట్టి ఆ చెయ్యి ఎంత పనిమంతురాలిదో నాకు తెలిసింది. మెత్తని బ్రష్, సందుల్లోకి పోయే చిన్న బ్రష్ ఇచ్చి ఎలా తోమాలో చూపించింది. నేను నిజంగానే తోమాను. ముందు గుడాఖు, తర్వాత బ్రష్.

ఆరు వారాలకు మళ్లీ కొలిచింది. ఆరు, ఏడు, ఎనిమిది, ఆరు. చెప్పడం ఆపి మళ్లీ మొదటి నుంచి కొలిచింది. అవే అంకెలు.

"షుగర్ పరీక్ష సేయించండి టీచర్."

చేయించాను. షుగర్ లేదు. ఆ కాగితం చూసి షైని మొహం చిన్నబుచ్చుకుంది.

"అయితే తప్పు నాదే. లోపలెక్కడో గార వదిలేసుంటాను. వచ్చే వారం కోల్‌కతా నుండి మా సీనియర్‌ని పిలుస్తాను, ఆయన సూస్తారు. కుదరకపోతే మధ్య రెండూ తీసెయ్యాలి. సారీ టీచర్."

తల ఊపి బయటికి వచ్చాను. నా పళ్లు పోతాయని చెబుతూ ఆ పిల్ల నాకు క్షమాపణ చెప్పింది. నేను దాన్ని పుచ్చుకుని వచ్చేశాను. వీధిలో టోటో ఆగింది.

"దీదీ, జాబేన్?" వస్తారా అని అడిగాడు టోటో అతను.

ఎక్కి కూర్చున్నాను. టోటో కదలబోయింది. అప్పుడు నాలో మంచితనం పొంగిందని చెప్పుకుంటే బాగుంటుంది కానీ నిజం అది కాదు. సీనియర్ వస్తాడు, నోట్లో ముక్కు పెడతాడు, మగవాడు, పెద్దవాడు, ఒక్క నిమిషంలో కనిపెట్టి అందరి ముందూ అడుగుతాడు అనిపించింది. షైని ఒక్కదానికే చెబితే నయం. దిగిపోయాను. టోటో అతను ఏదో గొణుక్కుంటూ వెళ్లాడు.

షైని చేతులు కడుక్కుంటోంది. పూజ పళ్లెంలో పనిముట్లు సర్దుతోంది.

"షైనీ, నీ తప్పు కాదమ్మా. గుడాఖు."

"ఎవరికి?"

"నాకే."

కొళాయి కట్టేసింది. "ఎన్నాళ్ల నుండి?"

"మీ అమ్మ పెళ్లి కాకముందు నుండి."

"రోజుకెన్నిసార్లు?"

"రెండు. నువ్వు చిగుళ్లు జాగ్రత్తన్నాక మూడు."

పూజ నవ్వు ఆపుకోలేక పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. షైని నవ్వలేదు.

"ఫారంలో అది లేదు కదమ్మా," అన్నాను.

"లేదు. మీరెప్పుడూ సెప్పలేదు కదా టీచర్." తువ్వాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకుంది. "మూడు వారాలు మీ నోట్లో సెయ్యి పెట్టినాను. లవంగం వాసన తప్ప ఏటీ తెలీలేదు."

"వచ్చేముందు లవంగం నమిలేదాన్ని."

"షుగర్ కాగితం సూసిన కాడి నుండి నా సేతుల్నే సూసుకుంటున్నాను. ఈ పని నాకు రాదేమో అనుకున్నాను, తెలుసా?"

షైని బల్ల సొరుగులోంచి ఖాళీ ఫారాల కట్ట తీసి పూజను పిలిచింది. గుట్కా పక్కన గుడాఖు అని ఒక్కో ఫారం మీదా రాయమంది. నా ఫారం మీద తనే రాసి, నా ముందు పెట్టింది. 'ఉంది' అని రాశాను.

"మానితే నిలబడతాయా?"

"మూడు నిలబడొచ్చు. ఎనిమిదున్నది నేను సెప్పలేను. మానకపోతే ఒక్కటీ నిలబడదు. ఆ పొగాకు చిగుళ్లకి రక్తం సరిగ్గా అందనివ్వదు. నేనెంత గీకినా పుండు మానదు. మీ ఇష్టం."

మానాను. మొదటి తొమ్మిది రోజులు కడుపు రాయిలా ఉంది. ఇసబ్‌గోల్ తాగాను, బొప్పాయి తిన్నాను, వర్క్‌షాపులో సూపర్‌వైజర్ మీద అరిచాను. పొద్దున్న బ్రష్ పట్టుకుని అదే మెట్టు మీద కూర్చుంటే దోర్కా వదిన డబ్బా ముందుకు జరిపేది.

"ఒక్క సిటికెడు వదినా. పళ్లకి కాదు, కడుపుకి."

"ఒద్దు వదినా."

"పోనీ వాసన సూడు. వాసనకి పళ్లూడవులే."

ఆ ఆదివారం సండేస్కూల్లో బోర్డు మీద ఆరు పేర్లు రాసి, కింద ఏడోది రాశాను. గొంతు సవరించుకుని, ఇది నాకు ఉండేది, మానేశాను అన్నాను. నలభై మంది నిర్ఘాంతపోతారనుకున్నాను. చివరి బెంచీలో డయానా అనే పిల్ల మాత్రం చెయ్యెత్తింది.

"మాకు తెలుసు టీచర్. మీ వేలు నల్లగుంటాది కదా."

మిగతావాళ్లు అంతా తలలూపారు. నేను పాట పాడించాను.

మానిన మూడో నెల చివర మళ్లీ కుర్చీలో వాలాను. షైని అంకెలు చెబుతుంటే వేళ్లు మడుచుకుంటూ విన్నాను. నాలుగు. నాలుగు. మూడోదాని దగ్గర పుల్ల రెండుసార్లు దించింది. ఎనిమిది. నాలుగు. రక్తం ఒక్కచోటే వచ్చింది.

"ఇది తీసెయ్యాలి టీచర్. మిగతా మూడూ ఉంటాయి. తీసిన పన్నునే వేరు కోసి, సాపు సేసి పక్కవాటికి కలిపి కట్టేస్తాను, ఎవరికీ తెలీదు."

తల ఊపాను. ఆమె సూది సిద్ధం చేసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఈ వారం రుద్దినారా?"

నోట్లో దూది ఉంది. లేదు అని తల అడ్డంగా ఊపడం చాలా సులువు. దూది చేత్తో తీసి పట్టుకున్నాను.

"మంగళవారం. ఒక్కసారి."

"ఎంత?"

"గోరంత కూడా ఉండదు."

"పూజా, మంగళవారం, ఒకసారి, రాసుకో," అంది షైని. "నోరు తెరవండి టీచర్."