నూట ఎనభై పూటల పుస్తకం

ముందే డబ్బు కట్టేశాం కదా అని కడుపులో పట్టకపోయినా తినేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా ఇంటి పిల్లలు ఏదో కొండమీది విడిదికి పోతూ, అక్కడి తిండికి కూడా ముందుగానే కట్టేస్తే లాభమా, నష్టమా అని నన్ను అడిగారు. జన్మంతా లెక్కలు రాసిన మనిషిని కదా అని అడిగారు పాపం. నేను కసిరాను. ముసలాయనకు చాదస్తం అనుకొని లేచిపోయారు. చాదస్తం కాదు. ఆ లెక్క నేను ఒకసారి వేశాను. సరిగ్గానే వేశాను, ఒక్క అణా తేడా రాలేదు.

కర్నూలు అప్పుడే రాజధాని అయింది. ఊరు ఎప్పటి ఊరే, పేరు మాత్రం పెద్దదైంది. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. గుడారంలో చోటు దొరకని మాలాంటివాళ్ళు గదులు వెతుక్కున్నారు. నాది ఒక ఆఫీసులో కింది గుమాస్తా ఉద్యోగం. కోసిగి దగ్గర పల్లె నుంచి వచ్చాను. బద్వేలు నుంచి వచ్చిన ఇంకో గుమాస్తా, నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు, నేనూ కలిసి ఒక మిద్దెమీది గది అద్దెకు తీసుకున్నాం. రెండు చాపలు పరిస్తే గది నిండిపోయేది. పొయ్యి పెట్టడానికి చోటు లేదు.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. భార్య మా మేనమామ కూతురే, చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఆమె పల్లెలో మా అమ్మ దగ్గర, మా ఇద్దరు వదినల కింద ఉండేది. చిన్నకోడలి బతుకు ఎట్లా ఉంటుందో చెప్పక్కరలేదు. అరకోసు దూరం నుంచి నీళ్ళు మోయాలి, అందరూ తిన్నాక అడుగంటిన సంగటి గీక్కొని తినాలి. ఇదిగో తీసుకుపోతా, అదిగో తీసుకుపోతా అని నేను మూడేళ్ళూ నెట్టుకొచ్చాను. పుట్టింటివాళ్ళు పెళ్ళిలో ఆమెకు ఒక మేకను ఇచ్చారు. దాన్ని తానే మేపి, పిల్లలను పెంచి, అది ఒక చిన్న మంద అయ్యాక అందులో ఐదింటిని అమ్మేసింది. అరవై ఐదు రూపాయలు. నేను సెలవుకు పోయినప్పుడు గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టింది.

"ఈ దుడ్లు పెట్టి ఇల్లు పట్టు. ఉగాదికి నేను ఆడ ఉండల్ల" అంది.

ఇల్లు కూడా దొరికింది. పాత ఊళ్ళో ఒక ముసలామె, సాయిబుల ఇల్లు, పిల్లలు దూరాన ఉన్నారు. ఇంటి వెనక భాగం ఇస్తానంది. ఒక గది, దానికి ఆనుకొని వంటకు చిన్న వసారా, పెరట్లో చేదబావి. ఆ బావిని చూసినప్పుడు నా భార్యే గుర్తుకొచ్చింది. కొంత ముందుగా ఇవ్వాలంది, నెలాఖరు దాకా ఇంకెవరికీ ఇవ్వనని ముసలామె మాట ఇచ్చింది. అరవై ఐదు రూపాయల్లో అడ్వాన్సు పోగా గిన్నెలకూ గింజలకూ మిగులుతుంది. నేను చేయవలసిందల్లా మర్నాడు పోయి డబ్బు ఇచ్చి తాళంచెవి తీసుకోవడం. అంత సులువైన పని చెడగొట్టుకోవడానికి తెలివి ఉండాలి. నాకు తెలివి ఉండేది.

మా వీధి చివర ఒక మెస్సు ఉండేది. రాజధాని వెంబడి కోస్తా నుంచి వచ్చిన ఒకాయన పెట్టాడు. గవర్నమెంటు ఎక్కడికి పోతే అక్కడికి గుమాస్తాలు, గుమాస్తాలు ఎక్కడికి పోతే అక్కడికి ఆయన గరిటెలు. రోజూ పూటకు ఎనిమిదణాలు ఇచ్చి తినేవాళ్ళం. ఆ వారం ఆయన ఒక పసుపుపచ్చ పుస్తకం అచ్చు వేయించాడు. మూడు నెలలకు నూట ఎనభై పూటలు, నూట ఎనభై టికెట్లు, ముందుగా కట్టేవాళ్ళకు అరవై ఐదు రూపాయలే. పూటకో టికెట్టు చింపి ఇస్తే అన్నం ఎంతైనా పెడతారు. గల్లాపెట్టె దగ్గర కూర్చొని నన్ను 'తమరు' అన్నాడు, 'గుమాస్తాగారండీ' అన్నాడు. నా జన్మలో నన్ను అంతకుముందు ఎవరూ 'గారు' అనలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అని తెలుసు కానీ ఆ పూట గుర్తుకు రాలేదు.

గదికి వచ్చి బద్వేలు ఆయనా నేనూ చాపల మీద కూర్చొని లెక్క వేశాం. ఆయన చదువుకున్నవాడు. చదవేస్తే ఉన్న మతి పోయిన రకం. నూట ఎనభై పూటలు, పూటకు ఎనిమిదణాల చొప్పున తొంభై రూపాయలు. కట్టేది అరవై ఐదు. ఇరవై ఐదు రూపాయలు ఊరికే మిగులుతాయి. ఉగాదికి కాకపోతే మండు వేసవిలో ఇల్లు పట్టొచ్చు, ఇంకా మంచిదే పట్టొచ్చు. ఇదంతా పైకి చెప్పుకున్న లెక్క. లోపల ఇంకో లెక్క నడిచింది. దాన్ని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మా పల్లెలో వరి బువ్వ అంటే పండగ. ఏడాదికి ఆరుసార్లు వండితే గొప్ప. మిగతా దినాలన్నీ జొన్నరొట్టె, సంగటి, కొర్రలు. కాబట్టి నూట ఎనభై పూటలంటే నాకు నూట ఎనభై పండగలు. ముప్పై ఏళ్ళ పండగలు మూడు నెలల్లో, అదీ చౌకగా! నెల్లూరువాడో బెజవాడవాడో ఆ పుస్తకాన్ని చూసి, పప్పు పలచన, పులుసు నీళ్ళు, ఇంతకు ఇది దండగ అని లేచిపోయి ఉండేవాడు. వాడికి అన్నం అంటే అన్నమే. మేము అన్నాన్ని చూసి కూరను చూడలేదు.

"ఏమప్పా, ఆలోచన చేస్తాండావు? ఆడోళ్ళు యాడికి పోతారు, ఆన్నే ఉంటారు" అన్నాడు బద్వేలు ఆయన.

మర్నాడు పొద్దున ముసలామె ఇంటికి పోవలసిన కాళ్ళు మెస్సుకు పోయాయి. పుస్తకం మీద ఆయన నా పేరు రాసి ఇచ్చాడు. ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో ఏదో ఉంది. నేను అది చదివింది గదికి వచ్చాక. తప్పిన పూటకు టికెట్టు చెల్లదు, పేరున్నవాళ్ళు తప్ప ఇంకొకరు తినరాదు, కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు. రోజూ ఫైళ్ళలో చిన్న అక్షరాలు చదివి జీతం తీసుకునేవాడిని, నా సొంత కాగితం మాత్రం చదవలేదు.

మొదటి వారం మహారాజులం. రెండో వారానికి గారూ పోయింది, తమరూ పోయింది. 'ఏమోయ్, జరుగు' అనడం మొదలుపెట్టాడు. వడ్డించేవాడికి తర్ఫీదు బాగా ఇచ్చాడు. రాగానే అన్నం గుట్ట పోసి, దాని మీద పులుసు కుమ్మరించి, కడుపు నిండాక కూర తెచ్చేవాడు. నెయ్యి గరిటె చెవిలో గులిమి తీసే పుల్లకు అక్కచెల్లెలు. మజ్జిగలో నా ముఖం కనిపించేది. అయినా తిన్నాం. కడుపు నొప్పి వస్తే తిన్నాం, జ్వరం వస్తే తిన్నాం. బద్వేలు ఆయన పుట్టిన దగ్గరి నుంచి శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు. టికెట్టు పోతుందని ఆ ఒక్కపొద్దు మానేశాడు. దేవుడికి నెలకు నాలుగు టికెట్లు ఇవ్వలేకపోయాడు మహానుభావుడు. నేను ఏం తక్కువ? ఆదివారానికి సెలవు కలిసొస్తే ఇంటికి పోయేవాడిని, ఆ పోకడా మానేశాను. పల్లెకు పోతే నాలుగు పూటలు దండగ. ఆదివారం పగలు పాయసం, అప్పడం కూడా ఉండేవి.

ఇల్లు సంగతి ఏమైందని ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. నా భార్య నాలుగో తరగతి చదివింది, అక్షరాలు కూడబలుక్కొని తానే రాసింది. జవాబు ఏం రాయాలి? ఆఫీసులో మా భాష వేరు. ఉండటానికి చోటైతే నివాస వసతి, తినడానికైతే భోజన వసతి. నేను రాశాను: 'వసతి కుదిరింది. మూడు నెలలకు ముందుగానే కట్టేశాను. దిగులుపడవద్దు.' 'భోజన' అన్న మాట రాయడం మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. కలం ఆ మాట దగ్గర ఆగింది, దాన్ని దాటి ముందుకు పోయింది.

పుస్తకం కొన్న ముప్పై ఏడో దినం, ఆదివారం, పన్నెండు గంటల వేళ ఆమె వచ్చింది. వాళ్ళన్న కర్నూలు మార్కెట్టులో పని ఉండి వస్తుంటే అతని వెంట తెల్లవారుజామున బయలుదేరిందట. అతను గది కింద ఆమెను దించి, సాయంత్రం కనిపిస్తానని తన పనిమీద పోయాడు. ఆమె నెత్తిన గంప. గంపలో పెనం, సంగటి కెలికే తెడ్డు, జొన్నపిండి మూట, దారికి కట్టుకున్న రొట్టెలు. కాపురానికి వచ్చింది. మెట్లెక్కి వచ్చి, రెండు చాపలనూ చాప మీది బద్వేలు ఆయననూ చూసి, గంప దించకుండానే అడిగింది.

"వంటిల్లు యాడుండాది?"

నేను ఏమేమో చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, చెబుతూ చెబుతూ పసుపుపచ్చ పుస్తకం చూపించానని మాత్రం గుర్తు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గంప దించింది. బద్వేలు ఆయన గోడవైపు తిరిగి చొక్కా వేసుకొని, ఆలస్యమైతే పాయసం అయిపోతుందని నసిగాడు. ఆ మనిషిని అప్పుడు చూడాలి. కానీ నేనూ ఆ మాటకే లేచాను. ఆమెను కూడా రమ్మన్నాను. బతిమాలితే ఒక పూట పెట్టకపోతాడా అనుకున్నాను. గదిలో వదలడం ఎందుకని కొంగుకు రొట్టెల మూట కట్టుకొని ఆమె నా వెనక నడిచింది.

మెస్సాయన పుస్తకం తిరగేసి, దీనిమీద నీ పేరే ఉందన్నాడు. పోనీ ఎనిమిదణాలు ఇస్తాను, పెట్టించండి అని నేనంటే, ఆడవాళ్ళను మగవాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టనన్నాడు. అది ఆయన పద్ధతి. సరే. ఆ తర్వాత అన్నాడు:

"నువ్వు కూర్చోవోయ్. ఆవిడ అరుగు మీద ఉంటారు. ఇంకో పావుగంటలో మూసేస్తాం."

నేను కూర్చున్నాను.

ఎవరూ నా మెడ పట్టి కూర్చోబెట్టలేదు. విస్తరి వేశారు, టికెట్టు చింపారు, నేను తిన్నాను. కిటికీలోంచి ఆమె వీపు కనబడుతోంది. అరుగు మీద ఒక పక్కకు కూర్చొని, మూట విప్పి, జొన్నరొట్టె మీద చనిక్కాయల పొడి వేసుకొని తింటోంది. తెల్లవారు జామున కాల్చిన రొట్టె, గట్టిపడి ఉంటుంది, బలంగా విరుస్తోంది. నేను పాయసం కూడా తిన్నాను. రెండోసారి పోయించుకున్నాను. మెస్సాయనను, బద్వేలు ఆయనను ఇంత దూరం తిట్టుకుంటూ వచ్చాను కానీ వాళ్ళు పాయసం పోశారు, పిలిచారు, అంతే. మింగింది నేను.

బయటికి వచ్చాక ఆమె పుస్తకం ఇమ్మంది. పేజీలు తిరగేసింది.

"దీంట్లో నా మేకలు ఇంకెన్ని మిగిలుండాయి?"

ఏ మగవాడైనా ఆ మాటకు తల దించుకుంటాడు. నేను లెక్క వేశాను. మొదటి రోజు రాత్రి నుంచి మొదలుపెట్టాం కాబట్టి ఇప్పటికి డెబ్బై రెండు పూటలు అయ్యాయి. ఒక్కో మేకకు ముప్పై ఆరు పూటలు. ఇంకా మూడు మేకలు ఉన్నాయని చెప్పాను. ఆమె తల ఊపింది. పుస్తకం నా చేతికి తిరిగి ఇచ్చింది.

అక్కడి నుంచి ముసలామె ఇంటికి పరిగెత్తాను. ఆ భాగంలో ఇంకెవరో కాపురం పెట్టి పదిహేను రోజులైంది, బావి దగ్గర చిన్నపిల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. నా భార్య నాతో కాపురానికి రావడానికి మరి రెండేళ్ళ పైనే పట్టింది, రాజధాని హైదరాబాదుకు మారాక గానీ కాలేదు. వచ్చాక కూడా ఆ ఆదివారం సంగతి ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం బస్టాండులో వాళ్ళన్న గంపను పైకి ఎక్కిస్తున్నాడు. ఆదోని బస్సు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను కింద నిలబడ్డాను. ఆరున్నర అయింది. డ్రైవరు టీ తాగుతున్నాడు, ఎప్పుడు కదులుతుందో తెలియదు. నేను ఒకసారి వీధివైపు చూశాను. ఆమె నన్ను చూసింది.

"నువ్వు పో. వడ్డించే యాళ అయింది" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది.

నేను పోయాను. బస్సు కదిలిందో లేదో చూడలేదు.