తగ్గని సీసా

దుప్పట్ల వ్యాను పెద్దాయన తాళంచెవిని నడుముకు కట్టుకుని పడుకుంటాడని వీధిలో చెప్పుకునేవారు. ఈ మాట పుట్టింది మూలమీది టైలరు దగ్గర. పెద్దాయన నడుము దగ్గర చొక్కా ఉబ్బెత్తుగా ఉండటం అతను కళ్ళారా చూశాడట. ఇక ఆ మాటకు కాళ్ళొచ్చాయి. కూతురు లైసెన్సు తెచ్చుకున్నా ఆయన బండి చేతికివ్వడని, వ్యాను కింద దుప్పటి పరిచి మరీ దాన్ని పడుకోబెడతాడని, కట్టుకున్న ఇల్లాలికి కూడా అంత మర్యాద జరగలేదని ఎవరికి తోచిన ఉప్పూకారం వాళ్ళు చల్లారు.

దుప్పటి మాట నిజమే. లాడ్జీల్లో మాసిన దుప్పట్లు లాండ్రీకి చేర్చడం, ఉతికినవి తిరిగి అప్పజెప్పడం ఆయన పని. చిరిగి పనికిరాని తెల్ల దుప్పటి ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మోకాలు మొరాయించి క్లచ్చు తొక్కలేని స్థితి వచ్చాక కూతురికి నడపడం నేర్పాడు. లాండ్రీ మేనేజరేమో, వచ్చే వారం నుంచి బండి రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని కబురు చేశాడు.

కూతురు రోజూ పొద్దున్నే బండి కడిగి, తండ్రి మొహంలోకి చూసేది. ఆయన మాత్రం, బ్రేకు సంగతి తేలనీ అమ్మా అనేవాడు. లాండ్రీ గేటు దాటితే రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. దాని చివర బస్సులు తిరిగే కూడలి. ఆ దిగుడులో బ్రేకు తొక్కితే పాదం కింద గట్టిగా తగలాలి. ఈ మధ్య మెత్తగా లోపలికి దిగిపోతోంది. రెండోసారి తొక్కితే గానీ పట్టడం లేదు.

బ్రేకు ఆయిలు కారుతోందేమోనని పెద్దాయన అనుమానం. అందుకే తెల్ల దుప్పటి. బొట్టు పడితే మరక కనిపిస్తుందని. తీరా చూస్తే మరకా లేదు, మచ్చా లేదు. బానెట్టు కింద బ్రేకు ఆయిలు ఉండే సీసా చూడమంటే, గీత దాకా నిండుగా ఉందని కూతురు చెప్పింది. ఎన్నిసార్లు చూసినా నిండుగానే ఉంది. కారకుండా, తగ్గకుండా బ్రేకు ఎందుకు జారుతోందో ఆయనకు అంతుపట్టలేదు. కూతురికి మాత్రం లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. వీధిలో వాళ్ళు అనేది నిజమేనా? ఇవ్వడం ఇష్టం లేక బ్రేకు మీదికి నెడుతున్నాడా?

ఆ పూట తండ్రీ కూతుళ్ళు బానెట్టు ఎత్తి నిలబడితే తల్లి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంట్లో నీళ్ళ బిందె దగ్గర్నుంచి ఉప్పు డబ్బా దాకా ఏదీ వెలితిగా ఉండటం ఆవిడ ఓర్చుకోలేదు.

"ఆ సీసా తగ్గట్లేదని ఇంత తర్జనభర్జన దేనికండీ? తగ్గినప్పుడల్లా నేను పోస్తున్నాగా" అంది.

తండ్రి ఆవిడ వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"కనిపించినప్పుడల్లా. మీరేగా ఒకప్పుడు ఆయిలు డబ్బా చూపించి, గీత కింద ఉంటే పొయ్యమన్నది."

ఆయన కోప్పడలేదు. నవ్వొచ్చి మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కూతురి గుండెల్లో ముల్లు దానంతటదే ఊడిపోయింది. ఆయిలు తగ్గుతున్న మాట ఖాయం. కింద పడటం లేదంటే చక్రం లోపలే చేరుతోంది. ఆయన చెబుతుంటే కూతురు జాకీ ఎక్కించి వెనక చక్రాలు విప్పింది. ఎడమవైపు బ్రేకు డ్రమ్ము ఊడదీయగానే లోపలంతా తడి తళతళలాడింది. వేలికి తీసుకుని నీళ్ళు పోస్తే జిడ్డు లేకుండా కడుక్కుపోయింది. గ్రీజైతే అలా పోదని, ఇది బ్రేకు ఆయిలేనని ఆయన తేల్చాడు. చక్రంలోని చిన్న సిలిండరులో రబ్బరు అరిగిపోయింది.

కొత్త సిలిండరు, తడిసినవాటి బదులు కొత్త బ్రేకు లైనింగులు తెచ్చి బిగించారు. మూత తీసి ఏళ్ళయిన పాత డబ్బాలో ఆయిలు తేమ పట్టి ఉంటుందని దాన్ని పక్కన పడేసి, గొట్టాల్లోకి కొత్త ఆయిలు నింపారు. ఇక లోపల చిక్కుకున్న గాలి తీయాలి. అందుకు ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర స్క్రూ విప్పాలి. కూతురు చక్రం దగ్గర పడుకుంది. పెద్దాయన మోకాలు లొంగదు. తల్లి చీర కుచ్చెళ్ళు ఎగదోపి, మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"నొక్కమంటే నొక్కు, పట్టుకోమంటే పట్టుకో, చెప్పేదాకా వదలకు" అన్నాడాయన.

"ఇన్నేళ్ళ కాపురంలో నేను చేసిందదేగా" అంది ఆవిడ.

బండి కింద నుంచి కూతురి నవ్వు వినిపించింది. బుడగలు ఆగి ఆయిలు ధారగా వచ్చాక స్క్రూ బిగించింది. పెడలు రాయిలా నిలబడింది. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ బండితో ఆ దిగుడు దిగి, ఎక్కి, మళ్ళీ దిగింది. తిరుగుదారిలో ఆయన ఎక్కడా కాలు బిగబట్టలేదు.

సోమవారం పొద్దున ఆమె ఒక్కతే బయల్దేరుతుంటే, పెద్దాయన నడుము దగ్గర్నుంచి తాళంచెవి ఎలా ఊడుతుందో చూడటానికి టైలరు మిషను వదిలి వచ్చాడు. పెద్దాయన నడుము దగ్గర చెయ్యిపెట్టి మోకాలి తైలం సీసా తీసి, రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వ్యానుకు తాళంచెవి లేదు. అది ఏనాడో పోయింది. అప్పటి నుంచి దాన్ని స్టార్టు చేసేది వంటింట్లో జల్లెడ పక్కన, అందరి చేతికీ అందే మేకుకు వేలాడే విరిగిన చెంచా కాడతోనే.